పాలడబ్బా లేని పడవ

నేను చేసిన చెక్క బొమ్మ ఓడల ఫోటోలు నెట్‌లో పెట్టిన దగ్గర్నుంచి చాలామంది ఒకే మాట అడుగుతున్నారండీ. "సాల్మన్ గారూ, పేపర్లో పడిన మూడు స్తంభాల పెద్ద ఓడ ఏదండీ? మిగతావన్నీ చూపించారు, దాన్ని చూపించరేం?" అని. అడిగినవాళ్ళందరికీ పురుగు పట్టి పాడైపోయిందని రాశాను. అది అబద్ధం. దాన్ని నేనే విరగ్గొట్టాను. ఎందుకు విరగ్గొట్టానో ఇవాళ రాస్తున్నాను. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసినవాణ్ణి, మాట ముందూ వెనకా అయితే సర్దుకోండి.

మాది కొల్లేటి లంక. భీమడోలులో రైలు దిగి, బస్సెక్కి, చివర కొంత దూరం నీళ్ళ మీద వెళ్ళాలి. మా నాన్న తోమా పడవలు కట్టేవాడు. నేను ఇరవయ్యో ఏట తాడేపల్లిగూడెం వచ్చి హనుమంతరావు గారి సామిల్లులో చేరాను. తలుపులు, కిటికీలు, మంచాలు చేశాను. పడవ కట్టడం నాన్నతోనే పోయింది అనుకున్నాను.

ఓడల పిచ్చి ఎలా పట్టిందంటే, మిల్లు గోడకి ఒక ఎరువుల కొట్టువాళ్ళ క్యాలెండరు ఉండేది. దాని మీద తెరచాపల ఓడ బొమ్మ. ఏడాది అయిపోయినా ఆ క్యాలెండరు తీయనివ్వలేదు నేను. కోతలో మిగిలిన టేకు ముక్కలు పొయ్యిలోకి పోతుంటే ప్రాణం ఒప్పేది కాదు. వాటిని అట్టముక్క మందాన చీల్చి, ఇడ్లీ గిన్నె ఆవిరి మీద పెట్టి వంచి, ఒక్కో పలకా అతికేవాణ్ణి. తాళ్ళకి వల దారం. తెరచాపలకి గంజి పెట్టిన పాత పంచె. ఒక ఓడకి నాలుగైదు నెలలు పట్టేది.

"ఏవండీ, ఇడ్లీలు టేకు వాసనొత్తన్నాయి," అనేది మా ఆవిడ జెస్సీ. "బియ్యం డబ్బా పెట్టుకునే చోట ఓడ పెట్టారు. బియ్యం ఎక్కడ పోసుకోమంటారు, ఓడలోనా?"

హనుమంతరావు గారూ ఊరుకునేవారు కాదు. "ఏవయ్యా, తలుపు చెక్క చిత్రిక పట్టమంటే రెండు తోపులు తోసి ఆగుతావు. ఓడ దగ్గర మాత్రం పొద్దుగూకే దాకా ఆగవు."

నేను ఆగేది బద్ధకంతో కాదండీ. మిల్లులో ఒకసారి దూలం జారి కుడి భుజం మీద పడింది. అప్పట్నుంచీ చెయ్యి రెండుసార్లు ఆడిందంటే మూడోసారికి ఒక్క క్షణం నిలపాలి. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. మా నాన్నకి ఒక పద్ధతి ఉండేది. పడవకి కొత్త చెక్క వేశాక మూడు రోజులు నీళ్ళలో ముంచి ఉంచాలి. చెక్క ఉబ్బి అతుకులు బిగుస్తాయి. తర్వాత తేల్చి, తోడి, పొడిగా తుడవాలి. అప్పుడు ఆ మరమ్మతు చేసినవాడే ముందు ఎక్కాలి. ఎక్కడ చెక్క వేశాడో సరిగ్గా అక్కడే కూర్చోవాలి. పడవగలవాళ్ళు గడ వేసి అవతలి గట్టుకి తీసుకెళ్ళి తీసుకొస్తారు. దిగాక వాళ్ళు అతని పంచె తడిమి చూస్తారు. పొడిగా ఉంటే పడవ వాళ్ళది. తడిస్తే పని మళ్ళీ మొదటికి. నాన్న ఎన్ని పడవలు కట్టినా ఈ పంచె చూపించడం మానలేదు.

మా చెల్లెలు రూతమ్మని మా లంకలోనే ఏసుబాబుకి ఇచ్చాం. బావా, నేనూ ఒకే ఈడు. వాడి పడవ నాన్న కట్టినదే. పద్దెనిమిది అడుగులు, అడుగు చెక్క అంతా పాత టేకు. 2005 జూన్‌లో కబురు పెట్టాడు, అడుగు పలక ఒకటి చీలింది, ఒకసారి వచ్చి చూడమని.

అప్పటికి ఆరు నెలలుగా పెద్ద ఓడ పనిలో ఉన్నాను, స్తంభాలూ పలకలూ విడివిడిగా సిద్ధం. ఏలూరులో ఒక క్లబ్బువాళ్ళు ఆగస్టులో చేతిపనుల ప్రదర్శన పెడుతున్నారు. ఓడకి అడుగు దూలం కావాలి, నాలుగడుగుల పొడవున ముడి లేని చెక్క, వంపు తిరగనిది. మిల్లులో అన్నీ కొత్త చెక్కలే. ఏ ముక్క తెచ్చి పెట్టినా వారానికి మెలి తిరిగిపోయేది.

శనివారం వెళ్ళాను. బావ పడవని గట్టు మీదకి లాగి బోర్లా వేసి ఉంచాడు. ఎడమ వైపు, వెనక నుంచి మూడో పలక. చీలిక చివర జానెడు. అంతే. జానెడు కోసి, ముక్క అతికి, నార కూరి, గుగ్గిలం నూనె పోస్తే ఇంకో పదేళ్ళు ఉంటుంది.

కానీ నేను ఆ పలకని వేలితో కొట్టి చూశాను. గంటలా మోగింది. ముప్పై ఏళ్ళు నీళ్ళు తాగి, ఎండకి ఆరి, ఇక మెలి తిరగడానికి ఏమీ మిగలని టేకు.

"ఏం బావా, వైద్యుడిలా నాడి చూత్తన్నావు? బతుకుద్దా?" అన్నాడు ఏసుబాబు.

"పలక మొత్తం పోయింది బావా," అన్నాను.

"మొత్తవా? జానెడే కదా చీలింది."

"పైకి జానెడు. లోపల మొత్తం పుచ్చిపోయింది. మార్చాలి."

"నువ్వు చెప్పాక ఇంకేముంది," అన్నాడు. "మావయ్య చేతికీ నీ చేతికీ తేడా ఏముంది."

మిల్లు నుంచి వెళ్ళేటప్పుడే ఒక మామిడి పలక పట్టుకెళ్ళాను. పడవ చూడకముందే పట్టుకెళ్ళానంటే నా మనసులో ఏముందో మీరే అర్థం చేసుకోండి. అది ఇంకా పచ్చి ఆరని చెక్క. ఆదివారం మధ్యాహ్నానికి బిగించి, పైన తారు పూసేశాను. నల్లగా నిగనిగలాడింది. మూడు రోజులు ముంచడానికి తీరిక లేదు, సోమవారం నా ఓడ పని ఉంది. గట్టు పక్కన నీళ్ళు కూడా తగ్గిపోయి బురదే ఉంది. పాత టేకు పలకని గోనెపట్టాలో చుట్టుకుని బయల్దేరాను.

"అదేంటి బావా, ఎక్కి కూర్చోవా? పంచె చూడద్దా?" అని వెనక నుంచి నవ్వుతూ అరిచాడు.

"నేను ప్యాంటేసుకున్నాను బావా, నాకా పద్ధతి లేదు," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. వాణ్ణి చూడడం అదే ఆఖరు.

ఓడకి మొదటి బహుమతి వచ్చింది. పేపర్లో నా ఫోటో, ఓడ ఫోటో పడ్డాయి. దాని అడుగు దూలం ఏ టేకో ఎవరూ అడగలేదు.

ఆ మూడు నెలలూ వానలు సరిగా లేవు, బావ తన చేపల చెరువుకి మేతని గట్టు దారిన ట్రాక్టరు మీదే తోలించాడు. పడవ ఒడ్డునే ఎండింది. సెప్టెంబరులో వరద వచ్చి గట్టు దారి మునిగింది. అప్పుడు పడవ దింపాడు. తవుడు బస్తాలు వేసుకుని ఒక్కడే వెళ్ళాడు. రెండో రోజుకి గుర్రపుడెక్కలో దొరికాడు. ఈతలో వాణ్ణి మించినవాడు మా లంకలో లేడు. కానీ ఆ డెక్క కాళ్ళకి చుట్టుకుంటే ఈత ఏం చేస్తుంది.

సమాధి దగ్గర జనం అనుకోవడం విన్నాను. తాగి పడవెక్కాడు, తూలి పడ్డాడు అని. వాడు అప్పుడప్పుడూ తాగే మాట నిజమే. పడవని బోర్లా తేలుతుంటే లాక్కొచ్చి ఇంటి వెనక పడేశారు. నేను దాని దగ్గరకి వెళ్ళలేదు. వెళ్తే ఆ అతుకు చూడాల్సి వస్తుంది. పచ్చి మామిడి మూడు నెలలు ఎండలో ఉంటే ఏమవుతుందో వడ్రంగికి చూడక్కర్లేదండీ. ముడుచుకుంటుంది. అతుకు వేలు పట్టేంత విచ్చుకుంటుంది. పైన తారు మాత్రం నల్లగా అలాగే ఉంటుంది.

నేను ఎవరికీ చెప్పలేదు. తాగి పడ్డాడనే మాటకి తల ఊపాను కూడా.

పది నెలలు గడిచాయి. 2006 జులైలో రూతమ్మ మా ఇంటికొచ్చింది. భీమడోలులో పాసింజరెక్కి ఒక్కతే వచ్చింది. చేతిలో సంచి. మంచినీళ్ళు తాగి, గోడ వారన బల్ల మీద ఉన్న ఓడలన్నీ చూసింది.

"సెప్టెంబరుకి ఏడాదవుద్ది అన్నయ్యా. జ్ఞాపకార్థ కూడిక పెడదామంటన్నారు పాస్టరు గారు. అందరూ ఫోటో పెట్టి దండేస్తారు. ఆయనకి ఫోటో ఏది? రేషన్ కార్డులో నా పక్కన ఉన్నదే. అందులో మొహం సగం చెరిగిపోయింది."

"పెద్దది చేయిద్దాం ఎలాగోలా."

"వద్దు. ఆయన పడవ చేసిపెట్టు. నువ్వు ఇయ్యన్నీ చేత్తావు కదా. అచ్చం మన నాన్న కట్టినట్టే. దండ దానికే ఏత్తాను."

జెస్సీ నా వైపు చూసింది. నేను సరేనన్నాను. ఏమనగలను?

"ఒక్కటి అన్నయ్యా. అందులో పాలడబ్బా పెట్టకు."

ఏ పడవలోనైనా నీళ్ళు తోడడానికి ఒక డబ్బా ఉంటుంది. మావాళ్ళు పాలపొడి డబ్బా వాడతారు. నా చిన్న పడవల్లో కూడా దాన్ని రేకు ముక్కతో చేసి పెడతాను, చూసే ఉంటారు.

"ఏం, ఎందుకొద్దు?" అని జెస్సీ అడిగింది.

రూతమ్మ కొంగు వేలికి చుట్టుకుంది. "ఆ రోజు పడవలో డబ్బా లేదొదినా. నేనే తీశాను. కోడిపిల్లలకి నీళ్ళు పెట్టడానికి. మళ్ళీ పెడదామనుకుని మర్చిపోయాను. అది ఇంటి కాడే ఉంది. ఆయన మునిగిపోతా డబ్బా కోసం చెయ్యి పెట్టి ఎతుక్కునుంటాడు. ఊళ్ళో తాగి పడ్డాడంటన్నారు. ఆయన తాగలేదు. నేను డబ్బా తీసేశాను. అంతే జరిగింది." ఏడవలేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. "ఆ మాట ఎవరికీ చెప్పలేదు. మీకే చెప్పాను."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. చీలిక జానెడే, పలక నేను తీసుకున్నాను, పచ్చి చెక్క వేశాను, ముంచలేదు, ఎక్కలేదు అని. పడవ మంచిదైతే డబ్బాతో పనేముంది? నోరు తెరిచాను కూడా. "భోంచేసి వెళ్ళు," అన్నాను.

ఆ మర్నాడే మొదలైంది.

అప్పట్లో మాకు మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయేది. ఆదివారం, చర్చి నుంచి వచ్చి భోంచేసి పడుకున్నాం. ఫ్యాను ఆగింది. ఫ్యాను ఆగితే ఇల్లు ఎలా ఉంటుందో తెలుసు కదండీ, చెవులు ఒక్కసారి తెరుచుకున్నట్టు ఉంటుంది. అందులో వినపడింది. గర్ర్ మని రేకు చెక్కకి రాసుకున్న చప్పుడు. ఛళ్ మని నీళ్ళు పోసిన చప్పుడు. మళ్ళీ గర్ర్, ఛళ్. ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ రెండుసార్లు. మళ్ళీ ఆగింది.

బల్ల వైపు నుంచి. పెద్ద ఓడ దగ్గర నుంచి.

"జెస్సీ, ఏంటా చప్పుడు?"

"ఏం చప్పుడండీ?"

"ఎవరో నీళ్ళు తోడుతున్నారు."

"పక్కింటివాళ్ళేమో. పడుకోండి."

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. చప్పుడు పోయింది. లేచి ఓడ అడుగున చెయ్యి పెట్టి చూశాను. దూలం చల్లగా ఉంది. చెయ్యి వాసన చూసుకున్నాను. కొల్లేటి బురద వాసన, డెక్క కుళ్ళిన వాసన. ముప్పై ఏళ్ళ పడవ చెక్కకి ఆ వాసన ఉండదా అని సర్ది చెప్పుకున్నాను.

బావ తోడుతున్నాడనుకున్నాను. కానీ వాడి దగ్గర డబ్బా లేదు కదా. రూతమ్మ చెప్పింది కదా. నాకు వినపడేది మాత్రం రేకు డబ్బా చప్పుడు, చిన్నప్పట్నుంచీ విన్నది. అందులో పొరపాటు పడను. ఇది ఎవరు? రోజూ అదే ప్రశ్న.

చెల్లెలి పడవ మొదలుపెట్టాను. అడుగుకి అంగుళం లెక్కన పద్దెనిమిది అంగుళాలు. నాన్న పని చూసి పెరిగిన చెయ్యి, కొలతలు అడగక్కర్లేదు. నెల్లాళ్ళకి పూర్తయింది. నేను చేసిన ప్రతిదాన్నీ స్నానాల గదిలో తొట్టిలో ఒకసారి తేల్చి చూస్తాను. దాన్నీ తేల్చాను. తేలింది. చూస్తుండగానే ఎడమకి ఒరిగింది. ఎడమ వైపు, వెనక నుంచి మూడో పలక. అక్కడ నుంచి చెమ్మ.

ఆ పలక ఊడదీసి ఇంకోటి వేశాను. బాగా ఆరిన చెక్క, జిగురు రెండు పూతలు. తేల్చాను. అదే చోటు. మూడోసారి వేశాను. అదే చోటు. మిగతా పలకలన్నీ అదే చెక్క, అదే జిగురు, అదే చెయ్యి. వాటిలో చుక్క రాదు.

"ఏవండీ, అది బల్ల మీద పెట్టేదే కదా. కొల్లేట్లో వదలరు కదా," అంది జెస్సీ తొట్టి గట్టున కూర్చుని. "ఎందుకంత పట్టుదల?"

ఆ మాటకి నేను ఏడ్చాను. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో నేను ఏడవడం చూడలేదు ఆవిడ. అప్పుడు చెప్పాను మొత్తం. ఆవిడ విని, తొట్టిలో పడవని తీసి, కొంగుతో తుడిచి, నా ఒళ్ళో పెట్టింది. "నాకు చెప్తే ఏం లాభం?" అంది. "చెప్పాల్సింది నాకా?"

ఆ సాయంత్రం పెద్ద ఓడని కింద పెట్టి ఉలి తీసుకున్నాను. ఎనిమిది నెలల పని. స్తంభాలు, తాళ్ళు, నూట ఇరవై పలకలు. అడుగు దూలం బయటికి రావడానికి అరగంట పట్టింది. దాన్ని సన్నగా చీల్చి, ఒక పలక చేసి, చెల్లెలి పడవలో ఆ మూడో చోట వేశాను. తేల్చాను. ఒరగలేదు. గంట ఉంచాను. లోపల వేలితో రాసి చూస్తే పొడి.

చెక్క దాని చోటికి చేరింది, ఇక చప్పుడు ఆగిపోతుంది అనుకున్నాను. మర్నాడు మిల్లు నుంచి భోజనానికి వచ్చాను. రెండింటికి కరెంటు పోయింది. గర్ర్, ఛళ్. గర్ర్, ఛళ్. ఆగింది. ముందుకంటే గట్టిగా, దగ్గరగా. పక్కన ఎవరో కూర్చుని తోడుతున్నట్టు.

సెప్టెంబరు కూడికకి జెస్సీ, నేనూ లంకకి వెళ్ళాం. ఆ వేసవిలో ప్రభుత్వంవాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లన్నీ కొట్టేశారు. ఎటు చూసినా ఒకటే నీళ్ళు. బావ చెరువు ఎక్కడుండేదో ఆనవాలు పట్టలేకపోయాను. ఇంటి ముందు గుడ్డ పందిరి. బల్ల మీద తెల్ల దుప్పటి, దాని మీద నా పడవ పెట్టి రూతమ్మ బంతిపూల దండ వేసింది. చెక్క మీద అతుకులన్నీ వేలితో తడిమి చూసింది. "అచ్చం అలాగే ఉంది," అంది.

పాటలు, వాక్యం అయ్యాక సాక్ష్యాల సమయం వచ్చింది. మా కూడికల్లో పోయినవాళ్ళ గురించి ఎవరైనా లేచి నాలుగు మాటలు చెప్పొచ్చు. సంఘపెద్ద కృపానందం గారు లేచారు.

"ఏసుబాబు మంచోడు. ఎవరికి ఏం కావాలన్నా పరిగెత్తుకొచ్చేవోడు. పోయినోళ్ళని అనకూడదు గానీ, ఆ అలవాటు ఒక్కటి లేకపోతే ఇవాళ మన మధ్య ఉండేవోడు. కుర్రోళ్ళందరూ అది చూసి నేర్చుకోవాలని..."

రూతమ్మ ముసుగు ముందుకి లాక్కుంది. కోళ్ళ గూడు పక్కన ఆ పాలడబ్బా ఉంది, ఇంకా. దాని వైపు చూస్తోంది. తను ఏడాదిగా దాన్ని అక్కడి నుంచి కదపలేదని నాకు అప్పుడు అర్థమైంది.

నేను లేచాను. బావ గురించి చెప్తాననుకుని అందరూ నా వైపు తిరిగారు.

"ఏసుబాబు ఆ రోజు తాగలేదండీ," అన్నాను. "పడవ పాడైంది. పాడు చేసింది నేను." తర్వాత వరసగా అన్నీ చెప్పాను. జానెడు చీలిక, టేకు, మామిడి, తారు, ముంచకపోవడం, పంచె మాట. "రూతమ్మా, డబ్బా ఉన్నా వాడు ఎంతసేపని తోడతాడు? ఆ అతుకు వేలు పట్టేంత తెరుచుకుని ఉంటుంది. డబ్బా వల్ల కాదమ్మా."

కృపానందం గారు కూర్చున్నారు. పాస్టరు గారు "ప్రార్థన చేద్దాం" అన్నారు. ఏం ప్రార్థించారో నాకు తెలియదు.

రూతమ్మ లేచింది. భోజనాలు వడ్డించింది. నాకూ వడ్డించింది, అందరికీ వేసినట్టే. మజ్జిగ పోస్తూ కూడా నా మొహం చూడలేదు. జనం ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మూడింటికి ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, గడ తీసుకుని, ఇంటి వెనక్కి నడిచింది.

"ఇట్రా," అంది.

బోర్లా పడి ఉన్న పడవని ఇద్దరు కుర్రాళ్ళు, మేమూ కలిసి తిప్పాం. ఎడమ వైపు మూడో పలక. తారు మీద చీలిక. లోంచి వెలుగు కనపడుతోంది. నీళ్ళలోకి తోశాం.

"నాన్న పద్ధతి ఒకటి మిగిలిపోయింది," అంది. "ఎక్కు. అక్కడ కూర్చో."

"రూతమ్మా, ఇది నిలవదు. ఒద్దు," అని జెస్సీ గట్టు మీద నుంచి అరిచింది.

"నాకు ఈతొచ్చొదినా. మీ ఆయనకీ వచ్చు. మా ఆయనకీ వచ్చు."

ఎక్కాను. పలక మీద కూర్చున్నాను. ఆమె వెనక నిలబడి గడ వేసింది. నీళ్ళు అప్పుడే ప్యాంటుకి తగిలాయి. కొల్లేటి నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో మర్చిపోయాను. గట్టు దూరమైంది. చుట్టూ ఒకటే నీళ్ళు, ఎక్కడా గుర్తు లేదు. నీళ్ళు చీలమండ దాకా, తర్వాత పిక్క దాకా వచ్చాయి. పడవ ఎడమకి ఒరిగింది, తొట్టిలో నా చిన్న పడవ ఒరిగినట్టే.

వెనక నుంచి ఏదో నా ఒళ్ళో పడింది. పాలడబ్బా.

"తోడు."

తోడాను. డబ్బా అంచు అడుగు చెక్కకి రాసుకుంది. గర్ర్. నీళ్ళు బయటికి పోశాను. ఛళ్. మళ్ళీ గర్ర్, ఛళ్. భుజం పట్టేసింది. ఒక్క క్షణం ఆగాను.

అప్పుడు నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

రెండుసార్లు. ఆగడం. రెండు నెలలు మధ్యాహ్నాలు నేను విన్నది ఇదే. బావ కాదు. పక్కన కూర్చుని తోడుతున్నట్టున్న మనిషి నేనే. ఇంకా జరగని దాన్ని నా ఇంట్లో పడుకుని విన్నాను.

"ఆపకు," అంది రూతమ్మ. ఏడుస్తోంది. వెనక్కి తిరిగే ధైర్యం లేదు నాకు, గొంతుని బట్టి చెప్తున్నాను. "ఆయనకి ఆగడానికి లేదు."

అవతలి గట్టు లేదు, కొట్టేశారు కదా. ఎక్కడి దాకా వెళ్ళాలో తెలియక కాసేపు అలాగే వెళ్ళింది. తర్వాత పడవ తిప్పింది. గట్టుకి వచ్చేసరికి అంచు నీళ్ళకి జానెడు మీద ఉంది. దిగాను. ఆమె దిగి, గడ పక్కన పెట్టి, వంగి నా ప్యాంటు అరచేత్తో తడిమింది.

"తడిసింది," అంది.

అంటే పని మళ్ళీ మొదటికి. నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు.

హనుమంతరావు గారికి ఫోన్ చేసి పదిహేను రోజులు రానని చెప్పాను. ఓడ దూలంలో మిగిలిన టేకు జెస్సీ గూడెం వెళ్ళి తెచ్చింది. అది ఇప్పుడు నాలుగడుగులు లేదు, చీల్చేశాను కదా. చాలని చోట నల్లజర్లలో పాత ఇంటి దూలం వెతికి తెచ్చి అతికాను. నార కూరాను. మూడు రోజులు కాదు, ఆరు రోజులు ముంచాను. తేల్చి, తోడి, తుడిచాను. పంచె కట్టుకుని ఎక్కాను. రూతమ్మ గడ వేసింది. వెళ్ళి వచ్చాం. దిగాక పంచె తడిమింది.

"పొడిగానే ఉంది," అంది. అన్నయ్యా అనలేదు. ఈ మూడేళ్ళలో మళ్ళీ అనలేదు. ఫోన్ చేస్తే మాట్లాడుతుంది, ఒదిన ఉందా అంటుంది. కోడిపిల్లలకి వేరే గిన్నె పెట్టింది. డబ్బా పడవలో ఉంది. ఆ పడవ మీదే తను వలకి వెళ్తుంది. బావ తాగి పోయాడని మా లంకలో ఇప్పుడెవరూ అనరు.

చిన్న పడవ వాళ్ళింట్లోనే, దండతో. దాని ఫోటో కూడా నా దగ్గర లేదు, అడగకండి.

చప్పుడు సంగతి అడుగుతారని తెలుసు. ఆ రేకు చప్పుడు మళ్ళీ రాలేదండీ. తీరిపోయిందనే అనుకున్నాను. మొన్న వేసవిలో ఒక ఆదివారం రెండింటికి కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది. జెస్సీ నిద్రపోతోంది. బల్ల మీద పెద్ద ఓడ ఉండే చోటు ఖాళీగా ఉంచేశాను, అక్కడి నుంచి వచ్చింది. చాలా మెల్లగా. రేకు రాసుకోవడం లేదు. ఒట్టి అరచేతులతో నీళ్ళు తోడుతున్న చప్పుడు. గబగబా, ఒక్కసారి కూడా ఆగకుండా. ఆగేది నేను, ఈ చేతులు నావి కావు.

లేచి వెళ్ళి ఆ ఖాళీ చోటు పక్కన కూర్చున్నాను. కరెంటు వచ్చే దాకా కూర్చునే ఉన్నాను. ఇప్పుడు రోజూ కూర్చుంటాను.